ఎత్తి చూపిన అరచెయ్యి

సైమి ఏటా క్రిస్మస్‌కి వారం ముందు ఒక జత ఉన్ని చేతితొడుగులు అల్లి, కాగితంలో చుట్టి, ఓయివా ఇంటికి స్వయంగా తెచ్చి ఇచ్చేది. పన్నెండేళ్ళలో పన్నెండు జతలు. పదమూడోది మాత్రం నవంబరు మొదట్లోనే వచ్చేసింది. గుమ్మంలో ఆవిడ చేతిలో పొట్లం చూడగానే ఓయివాకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏడాదికొక్కసారి పడాల్సిన శిక్ష నెల ముందే వచ్చి గుమ్మంలో నిలబడితే ఎవరికైనా అలాగే ఉంటుంది.

"అదేంటి సైమి గారూ, ఇంకా మోకాలి లోతు మంచైనా పడలేదు," అన్నాడు.

"పనుండి వచ్చాను. ఎలాగూ వస్తున్నానని ఇదీ తెచ్చాను," అంది సైమి, బూట్లకి అంటిన మంచు దులుపుకుంటూ.

ఓయివా అక్క ఇంపి అప్పటికే పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టేసింది. ఆవిడకి అరవై అయిదేళ్ళు. నోటికి అడ్డూ ఆపూ లేదు. తమ్ముడికి యాభై ఎనిమిదేళ్ళొచ్చినా ఇంకా చెవి మెలేసే వయసులోనే ఉన్నాడనుకుంటుంది.

"చూడమ్మా సైమీ, నువ్వు అల్లుతూనే ఉన్నావు, వీడు పెట్టెలో దాస్తూనే ఉన్నాడు. ఒక్క జతైనా తొడుక్కుంటే ఒట్టు! ఆ కుడిచెయ్యి చూశావా? రెండు వేళ్ళ కొసలు చలికి చచ్చి ఊడిపోయాయి. అయినా బుద్ధి రాలేదు."

"అక్కా, నువ్వు కాస్త ఊరుకో."

సైమి నవ్వింది. "పాడైపోతాయని జాగ్రత్త చేసుకుంటున్నారేమోలే." ఆ నవ్వులో వెక్కిరింత లేదు, ఆనందమే ఉంది. తాను అల్లినవాటిని అంత భద్రంగా దాచుకునే మనిషి ఈ ఊళ్ళో ఒకడున్నాడని ఆవిడ నమ్మకం. ఓయివా తల వంచుకుని కాఫీ సాసర్లో పోసుకున్నాడు. పంటి కింద పెట్టుకున్న పంచదార బిళ్ళ కూడా చేదుగానే తగిలింది.

ఈ సైమి కెప్టెన్ టౌనో రెకోలా భార్య. 1958 ఫిబ్రవరిలో ఒక ఉదయం, టౌనో నడిపిన విమానం కల్తియోవారా విమానాల మైదానం మీద నుంచి లేచి, ఒక నిమిషమైనా గాలిలో నిలవలేక, సరస్సు అవతలి పైన్ అడవిలో కూలిపోయింది. పధ్నాలుగు మందిలో ఒక్కరూ మిగల్లేదు. వాళ్ళలో పది మంది ఈ ఊరివాళ్ళే, టౌనోతో కలిపి. రెక్కల మీద పేరుకున్న మంచుగడ్డ వల్లే విమానం పడిపోయిందనీ, రెక్కలు శుభ్రంగా ఉన్నాయో లేదో తేల్చుకోకుండా కెప్టెన్ తొందరపడ్డాడనీ హెల్సింకీ నుంచి వచ్చినవాళ్ళు విచారణ చేసి రాసిపెట్టారు. ఊరు దానికి ఇంకో మాట కలిపింది. మంచుతుపానుకి ఆ ముందు రాత్రి విమానం ఇక్కడే ఆగిపోయింది కదా, కెప్టెన్ సొంత ఊరు కదా, ఆవిరిస్నానాల సౌనాలో కూర్చుని తాగి ఉంటాడు, పొద్దున్న ఆ మత్తు దిగి ఉండదు అని. ఎవరు పుట్టించారో తెలియదుగానీ ఆ మాట గడ్డకట్టి నిలిచిపోయింది.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఊరంతా శ్మశానానికి వెళ్ళి తమ తమ వాళ్ళ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తుంది. దిక్కులేని వాళ్ళ సమాధులకి కూడా ఎవరో ఒకరు వెలిగిస్తారు. టౌనో సమాధి దగ్గర మాత్రం సైమి తప్ప ఎవరూ ఆగేవారు కారు. కానీ మొదటి ఏడాదే ఆవిడ వెళ్ళేసరికి అక్కడ ఒక కొవ్వొత్తి అప్పటికే వెలిగి సగం కరిగి ఉంది. రెండో ఏడు తెల్లవారకముందే వెళ్ళి కాపు కాసింది. ఓయివా వచ్చి, వంగి, కొవ్వొత్తి వెలిగించి, టోపీ తీసి నిలబడటం చూసింది. అప్పుడు మొదలైంది ఆవిడ అల్లడం.

"సరే, పని చెబుతాను," అంది సైమి కప్పు కింద పెట్టి. "సరస్సు ఒడ్డున రాయి పెడుతున్నారు, చనిపోయినవాళ్ళ పేర్లతో. పదమూడు పేర్లేనట."

ఇంపి నోరు ఠక్కున మూతపడింది.

"గురువారం మధ్యాహ్నం చర్చి హాల్లో మీటింగు. శుక్రవారం పేర్ల పట్టీ రాయి చెక్కేవాడికి వెళ్ళిపోతుంది. నేను లేచి మాట్లాడితే మొగుడి కోసం మాట్లాడుతున్నాననే అంటారు. మీరు మాట్లాడితే వింటారు ఓయివా గారూ. మైదానంలో పనిచేసినవారు. పెద్దగా ఏమీ అక్కర్లేదు. 'టౌనో తొందరపడే మనిషి కాదు' అని ఒక్క మాట చెప్పండి, చాలు."

"చెబుతాడు," అంది ఇంపి. "ఎందుకు చెప్పడూ? ఏరా?"

"చెబుతాను," అన్నాడు ఓయివా. ఆ మాట గొంతులోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

సైమి వెళ్ళిపోయాక అతను కొత్త జతని తీసుకెళ్ళి మంచం కింది చెక్కపెట్టెలో, మిగతా పన్నెండింటి పక్కన పెట్టాడు. బూడిదరంగు ఉన్ని, మణికట్టు దగ్గర ఎర్రగీత. కుడిచేతి తొడుగులో రెండు వేళ్ళ కొసలు లేని చెయ్యి సరిగ్గా ఇమిడేలా ఈసారి కొలత మార్చి అల్లింది. అది చూసి ఓయివాకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

*

ఆ రోజుల్లో ఓయివా మైదానంలో నేలపని మనిషి. విమానాన్ని తోయడం, నూనె పట్టడం, రెక్కల మీద మంచు ఊడ్చడం అతని పని. ఊడ్చడం అయ్యాక ఒక పద్ధతి ఉండేది. పొడుగు చీపురుతో మంచు దులిపాక, కుడిచేతి తొడుగు తీసేసి, ఉత్త అరచేత్తో రెక్క అంచు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకి తడమాలి. రేకు మీద పారదర్శకంగా గడ్డకట్టిన మంచు కంటికి కనబడదు, చేతికే తెలుస్తుంది. తడిమాక ముందుకొచ్చి ఆ ఉత్త అరచేతిని కెప్టెన్ కిటికీ వైపు ఎత్తి చూపించాలి. ఇంజన్ల హోరులో మాటలు వినబడవు కాబట్టి అదే మాట. చేత్తో చూశాను, రెక్క శుభ్రంగా ఉంది అని దాని అర్థం. ఆ చెయ్యి చూడకుండా ఈ మైదానం నుంచి ఏ కెప్టెనూ విమానం లేపలేదు.

ఆ ఏడు మైదానానికి కొత్త షెడ్డు వచ్చింది. ఊరుమ్మడి పనితో కట్టుకున్నది. దుకాణం నెస్తోరి కలప తెప్పించాడు, మగవాళ్ళు ఆదివారాలు పోయి గోడలు లేపారు, ఆడవాళ్ళు కాఫీ గిన్నెలు మోసుకొచ్చారు. లోపల రెండు పెద్ద ఇనపపొయ్యిలు. తుపాను రాత్రి టౌనో విమానం ఆగిపోయినప్పుడు, "చలిలో ఎందుకయ్యా వదిలేయడం, మన షెడ్డు ఉందిగా. పొద్దున్న మన పిల్లలు వెచ్చని సీట్లలో కూర్చుంటారు," అన్నాడు నెస్తోరి. అతని కూతురు సిల్వి మర్నాడు అదే విమానంలో ఔలు పట్నానికి, టీచరు చదువుకి వెళుతోంది. ఊరంతా సంబరంగా విమానాన్ని లోపలికి తోసింది. అంతకు ముందు ఏ విమానమూ వెచ్చగా నిద్రపోలేదు.

పొద్దున్న తలుపులు తీసి ఇరవై మంది కలిసి దాన్ని బయటికి తోశారు. మంచు కురుస్తోంది. మొదటి మంచుతునకలు రెక్క మీద పడి పడగానే మాయమైపోవడం ఓయివా చూశాడు. రెక్క సన్నగా ఆవిర్లు కక్కుతోంది. అతని తండ్రి అడవిలో దుంగలు లాగే మంచుబండి తోలేవాడు. వెచ్చటి కొట్టంలోంచి బండిని నేరుగా మంచు మీదకి తెస్తే కింది పట్టీలకి మంచు కరిగి అంటుకుని గడ్డకడుతుందనీ, గుర్రం చచ్చినా లాగలేదనీ చిన్నప్పుడు ఒకసారి చెవి పట్టుకుని మరీ నేర్పాడు. అది గుర్తొచ్చింది ఓయివాకి. గుర్తొచ్చిందనేదే అతని ఖర్మ. ఇది బండి కాదుగా, విమానం కదా, అనుకున్నాడు.

వీడ్కోళ్ళూ, ముద్దులూ, సామాన్లూ అయ్యేసరికి అరగంట పట్టింది. అప్పటికి రెక్కల మీద పైపైన పొడిమంచు పరుచుకుంది. ఓయివా చీపురుతో ఊడిస్తే పిండిలా ఎగిరిపోయింది. కింద నున్నగా మెరుస్తోంది. రేకే అనుకున్నాడు. ఇక తొడుగు తీయాలి. గాలి ఈడ్చి కొడుతోంది. షెడ్డు తలుపు దగ్గర ఆడవాళ్ళు కాఫీ పోస్తున్నారు, యాలకులు వేసిన తీపిరొట్టె వాసన వస్తోంది. ఇంపి అరిచింది: "ఒరేయ్ ఓయివా, నీ కాఫీ చల్లారిపోతోందిరా!"

టౌనో కిటికీ తీసి తల బయటికి పెట్టి చూశాడు. కుడిచెయ్యి ఎత్తి, అరచెయ్యి తిప్పి అడిగాడు. చేత్తో చూశావా?

ఓయివా తొడుగు తీశాడు. రెక్క దగ్గరకి వెళ్ళలేదు. ఉన్నచోటే నిలబడి, ఉత్త అరచేతిని ఎత్తి చూపించాడు.

టౌనో తల ఊపి కిటికీ మూసుకున్నాడు.

ఓయివా వెళ్ళి కాఫీ అందుకున్నాడు. అది ఇంకా వేడిగానే ఉంది. పధ్నాలుగేళ్ళుగా అతన్ని తినేస్తున్నది అదే. నాలుగు నిమిషాలు పట్టేది రెక్క తడమడానికి. కాఫీ చల్లారిపోయేది కూడా కాదు.

విచారణ బడిలో జరిగింది. హెల్సింకీ వాళ్ళలో ఒక కళ్ళద్దాలాయన అడిగాడు: రెక్కలు చేత్తో చూశావా అని కెప్టెన్ మిమ్మల్ని అడిగారా? ఓయివా నోట్లోంచి "గుర్తులేదు" అనే మాట వచ్చింది. రేపు దిద్దుకుందాంలే అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే వాళ్ళు వెళ్ళిపోయారు. ఓయివా మైదానం ఉద్యోగం మానేసి రంపపు మిల్లులో చేరాడు. అప్పటి నుంచీ కుడిచేతికి తొడుగు వేయలేదు.

*

గురువారం చర్చి హాల్లో ముప్పై మంది దాకా పోగయ్యారు. బల్ల దగ్గర పాస్టరు గారు, ఆయన పక్కన సంఘం పెద్దగా నెస్తోరి. డెబ్బై దాటినా నెస్తోరి గొంతు ఇంకా దుకాణంలో బస్తాలు లెక్కపెట్టినప్పటిలాగే మోగుతుంది. సైమి చివరి బెంచీలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. ఆవిడ పక్కన ముగ్గురు కూర్చునే చోటు ఖాళీ.

"పదమూడు పేర్లు, అంతే," అన్నాడు నెస్తోరి. "నా కూతుర్ని చంపినవాడి పేరు నా కూతురి పేరు పక్కన చెక్కిస్తానా? నేను బతికుండగా జరగదు. ఇంకెవరైనా మాట్లాడేదుందా?"

ఓయివా లేచాడు. "కెప్టెన్ టౌనో తొందరపడే మనిషి కాదు," అన్నాడు. అడిగినది చెప్పేశాడు. కూర్చోవచ్చు. కూర్చోబోయాడు కూడా.

"ఏమోయ్ ఓయివా, మరి సౌనాలో తాగింది నెమ్మదిగా తాగాడా?" అన్నాడు నెస్తోరి. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు.

ఓయివా తిరిగి నిలబడ్డాడు. "తాగలేదు. మజ్జిగ తాగాడు. రెండు చెంబులు. ఆ సౌనాలో నేనూ ఉన్నాను."

నవ్వులు ఆగిపోయాయి. చివరి బెంచీలో సంచీ కింద పడిన చప్పుడైంది.

"ఉన్నావా? మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"అది చెబితే తర్వాతది కూడా చెప్పాల్సొస్తుందని."

"తర్వాతది ఏంటోయ్?"

ఓయివా చెయ్యి ఎత్తాడు. రెండు వేళ్ళ కొసలు లేని కుడి అరచేతిని నెస్తోరి వైపు తిప్పి, తల మీదుగా ఎత్తి చూపించాడు. మైదానంలో పనిచేసిన పాతవాళ్ళు హాల్లో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళకి వెంటనే తెలిసిపోయింది. ఒకాయన "అయ్యో దేవుడా" అని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"టౌనో అడిగాడు. నేను ఇలా చూపించాను," అన్నాడు ఓయివా. ఇప్పుడు మాటలు వాటంతటవే వస్తున్నాయి. "రెక్క ముట్టుకోకుండానే చూపించాను. చలేసింది. కాఫీ చల్లారిపోతుందని ఇంపి పిలిచింది. విచారణలో గుర్తులేదన్నాను. గుర్తుంది. రోజూ గుర్తుంది."

ఇంపి రెండు చేతులతో నోరు మూసుకుంది. పాపం, పధ్నాలుగేళ్ళ కిందట తాను వేసిన ఆ కేక ఆవిడకి ఈ క్షణం దాకా గుర్తే లేదు.

నెస్తోరి తిడతాడనుకున్నారు అందరూ. అతను మాత్రం చాలా నెమ్మదిగా అడిగాడు: "ముట్టుకుని ఉంటే తెలిసేదా?"

"తెలిసేది."

"షెడ్డు వేడికి కరిగి గడ్డకట్టిందా అది?"

ఓయివా చెయ్యి దించాడు. "షెడ్డు తప్పేం లేదు నెస్తోరి గారూ. ముట్టుకోవాల్సింది నేను."

నెస్తోరి లేచి, టోపీ కూడా తీసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు. పాస్టరు గారు పెన్ను తీసి, పదమూడు పేర్ల కింద పధ్నాలుగోది రాశారు. ఎవరూ కాదనలేదు. ఓయివా వెనక్కి తిరిగి చూసేసరికి చివరి బెంచీ ఖాళీగా ఉంది.

*

మర్నాడు ఓయివా చెక్కపెట్టెని కాలితో తోసుకెళ్ళే చిన్న మంచుబండి మీద కట్టుకుని, నేలని తన్నుకుంటూ సైమి ఇంటికి వెళ్ళాడు. తలుపు తీయదేమో అనుకున్నాడు. తీసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. అతను వంటగదిలోకి వచ్చి పెట్టె బల్ల మీద పెట్టి మూత తెరిచాడు.

సైమి ఒక్కో జతా తీసి చూసింది. మణికట్టు ఎర్రగీతలు ఒక్కటీ వెలిసిపోలేదు. కొన్నింటికి తాను కట్టిన దారం ముడి కూడా అలాగే ఉంది.

"జాగ్రత్త చేసుకుంటున్నావనుకున్నాను," అంది. పన్నెండేళ్ళలో మొదటిసారి 'నువ్వు' అంది. ఓయివాకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. కానీ ఆ 'మీరు' కింద నలగడం కంటే ఇదే నయం అనిపించింది.

"తొడుక్కోలేకపోయాను."

"ఎన్ని సాయంత్రాలు కూర్చుని అల్లానో తెలుసా? ఈ ఊళ్ళో నాకు ఒక్కడున్నాడనుకుంటూ అల్లాను. చర్చిలో నా పక్కన ఎవరూ కూర్చోకపోతే, పోనీలే, ఓయివా ఉన్నాడుగా అనుకునేదాన్ని. నీ మీద జాలేసేది, పాపం ఊరి కోపానికి భయపడుతూనే నా మొగుడికి దీపం పెడుతున్నాడని! నేనెవరికి అల్లానో ఆ మనిషి లేనే లేడు." ఏడవకుండా పెట్టె మూత గట్టిగా మూసింది. "టౌనో మజ్జిగ తాగాడని చెప్పడానికి కూడా నీకు పధ్నాలుగేళ్ళు పట్టిందా? అదొక్కటి చెప్పినా నేను సగం బతికేదాన్ని."

ఓయివా క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఆ మాట అడగడానికే సిగ్గేసింది.

సైమి కిటికీ దగ్గరకి వెళ్ళి నిలబడింది. అక్కడి నుంచే అడిగింది: "మిగతావాళ్ళ దగ్గరకి ఎప్పుడైనా వెళ్ళావా?"

"ఎవరు?"

"శ్మశానంలో నా మొగుడు ఒక్కడే ఉన్నాడా? సిల్వి ఉంది. అల్మా కొడుకు ఉన్నాడు. ఇంకా ఏడుగురున్నారు. వాళ్ళ దగ్గర ఒక్క కొవ్వొత్తైనా పెట్టావా?"

"లేదు."

"ఏం?"

"భయం. నా చెయ్యి చూసింది టౌనో, పడిపోయేటప్పుడు ఆయన ఒక్కడికే నిజం తెలిసి ఉంటుంది. ఆయన దగ్గర దాచాల్సింది లేదు. వాళ్ళ దగ్గర..."

"అదీ సంగతి. సుఖంగా ఉన్నచోట వెలిగించుకున్నావు," అంది సైమి. "టౌనో దీపం ఇక నేను పెట్టుకుంటాను. నువ్వు ఆ సమాధి వైపు రావద్దు. మిగతా తొమ్మిది మంది దగ్గరా వెలిగించు. తెల్లారకముందు దొంగలా కాదు. సాయంత్రం, అందరూ ఉండగా. పెట్టె ఇక్కడే ఉంచి వెళ్ళు. బడిపిల్లలకి ఇస్తాను."

*

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది. శ్మశానం నిండా దీపాలు. ఓయివా సంచీలో తొమ్మిది కొవ్వొత్తులు, అగ్గిపెట్టె వేసుకుని వచ్చాడు. ఇంపి వెంట వచ్చింది. మీటింగు రోజు నుంచీ ఆవిడ నోటి దూకుడు సగం తగ్గింది. తమ్ముణ్ణి తిట్టబోయి ప్రతిసారీ తనని తాను తిట్టుకుంటోంది.

గేటు దగ్గర గుంపు అతన్ని చూసి పక్కకి జరిగింది. దారి ఇచ్చారో, తగలకూడదని జరిగారో తెలియదు. మొదట అల్మా ముసలమ్మ కొడుకు సమాధి. ఆవిడ కర్ర పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"అల్మా గారూ, ఒక కొవ్వొత్తి పెట్టనా?"

"నా కొడుకు దగ్గరకి రాకు," అంది ముసలమ్మ.

"సరేనమ్మా," అన్నాడు ఓయివా. వెనక్కి తిరుగుతుంటే ఇంటికి పారిపోదామా అనిపించింది. పారిపోవడం అతనికి బాగా అలవాటైన పనే. ఇంపి వెనక నుంచి అతని కోటు పట్టుకుని నెమ్మదిగా రెండో సమాధి వైపు తోసింది.

అక్కడ వెలిగించనిచ్చారు. మూడో చోట ఒకాయన వెలిగించాక తల ఊపాడు. అయిదో చోట ఒకావిడ, చనిపోయిన అమ్మాయికి పిన్ని, "నీకిప్పుడు గుర్తొచ్చామా?" అని ఏడ్చింది, ఆ ఏడుపు ఎదుటే అతను కొవ్వొత్తి పెట్టాడు. ప్రతి సమాధి దగ్గరా పేరు చదివాడు. ఈ పేర్లు అతనికి కొత్త కాదు. ఆ పొద్దున వాళ్ళ సామాన్లు ఎక్కించింది అతనే.

చివరిది సిల్విది. నెస్తోరి నిలబడి ఉన్నాడు. ఓయివా అడగలేదు, నెస్తోరి వద్దనలేదు. ఓయివా మోకాలి మీద కూర్చుని అగ్గిపుల్ల గీశాడు. సరస్సు వైపు నుంచి గాలి కొట్టి ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. అదీ ఆరిపోయింది. వేళ్ళు కొయ్యబారి మూడో పుల్ల పట్టుకోవడం కుదరలేదు. అప్పుడు నెస్తోరి టోపీ తీసి, పక్కనే వంగి, గాలికి అడ్డంగా పట్టుకున్నాడు.

"ఆ రాత్రి నేను రెండుసార్లు నిద్ర లేచి వెళ్ళాను," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ పొయ్యిల్లో కట్టెలు వెయ్యడానికి. సిల్వికి చలి అసలు పడేది కాదు."

ఓయివా గీసిన మూడో పుల్లకి వత్తి అంటుకుంది. అతను తలెత్తి నెస్తోరి మొహంలోకి చూశాడు.

"నిన్ను క్షమించాననుకోకు," అన్నాడు నెస్తోరి. "గాలి వీస్తోంది, అందుకని పట్టుకున్నాను." టోపీ మాత్రం మంట నిలదొక్కుకునేదాకా తీయలేదు.

గేటు వైపు వెళ్ళాలంటే టౌనో సమాధి పక్కనుంచే దారి. ఈసారి అక్కడ ఎనిమిదో తొమ్మిదో దీపాలున్నాయి. ఎవరు పెట్టారో, ఎంత సిగ్గుపడుతూ పెట్టారో! సైమి వాటి మధ్య నిలబడి ఉంది. ఓయివా తల వంచుకుని దూరంగా జరిగి పోబోయాడు.

"ఒకటి మిగిలిందేం?" అంది సైమి. అతని చేతిలో వెలిగించని కొవ్వొత్తిని చూసింది.

"అల్మా గారు వద్దన్నారు."

"వచ్చే ఏడు మళ్ళీ అడుగు."

"అప్పుడూ వద్దంటే?"

"ఆ పై ఏడు అడుగు. పధ్నాలుగేళ్ళు దాచడానికి ఓపిక ఉందిగా నీకు, అడగడానికి లేదా?" ఆవిడ మళ్ళీ దీపాల వైపు తిరిగింది.

ఓయివా ఆ కొవ్వొత్తిని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఇంపి తన కుడిచేతి తొడుగు ఊడదీసి, గడ్డకట్టిన అతని చేతిని తన ఉత్త చేత్తో పట్టుకుంది. ఇద్దరూ గేటు దాటి ఇంటిదారి పట్టారు.